గువ్వలలంకలో ఒక్కరు ఎక్కువ

మేము అడిగింది రేవులో ఒక మరుగుదొడ్డి. వచ్చింది ఒక ప్రాధికార సంస్థ.

మేము అంటే గువ్వలలంక వాళ్ళం. గోదావరి రెండు పాయలుగా చీలి మళ్ళీ కలిసేలోపు మధ్యలో మిగిలిన మట్టి మా ఊరు. తొమ్మిది వందల మందిమి ఉంటాం. అందరిదీ ఒకటే ఇంటిపేరు, మల్లిపూడి. అందుకని మా ఆడపిల్లల్ని అవతలి ఒడ్డుకి ఇస్తాం, కోడళ్ళని అవతలి ఒడ్డు నుంచి తెచ్చుకుంటాం. నేనూ అలా పడవెక్కి వచ్చినదాన్నే. నా పేరు గంగారత్నం. రేవు పక్కన పెసరట్ల బండి నాది. మా ఆయన అబ్బులు అరటితోట చూసుకుంటాడు. మా అత్తగారు సూరమ్మ మా ఇద్దర్నీ చూసుకుంటుంది. నా నోరు దురుసని ఊళ్ళో అంటారు. మా అత్తగారి నోరు విన్నవాళ్ళు మాత్రం అనరు.

ఏ మహానుభావుడో మా ఇసుకతిప్ప మీద నిలబడి సూర్యాస్తమయాన్ని ఫోనులో పట్టి లోకానికి చూపించాడు. ఆ సూర్యుడు అంతకు ముందు కూడా రోజూ అక్కడే మునిగేవాడు, మేమే పట్టించుకోలేదు. ఇక లాంచీలు మొదలయ్యాయి. మూడంతస్తుల ఏసీ లాంచీలు, చెవులు పగిలే పాటలు. దిగిన జనం మా బెండ మళ్ళు తొక్కేశారు, కట్టేసిన గేదెల పక్కన నిలబడి ఫొటోలు దిగారు, చివరికి అందరూ నా బండి దగ్గరికొచ్చి ఒకే ప్రశ్న అడిగేవారు: "ఆంటీ, వాష్‌రూమ్ ఎక్కడ?"

ఎక్కడని చెప్పను? మా ఆయన అరటితోట వైపు చూపిస్తే మా ఆయన ఊరుకోడు.

అందుకే అందరం కలిసి అర్జీ పెట్టుకున్నాం. లాంచీలు ఒకదాని తరవాత ఒకటి వచ్చేలా చూడండి, రేవులో మరుగుదొడ్డి కట్టించండి, అంతే. చాన్నాళ్ళు ఉలుకూ పలుకూ లేదు. తరవాత ఒక రోజు తెల్ల బూట్లేసుకుని సంజీవ ప్రభాకర్ గారు దిగారు. ఆయన 'ద్వీప జన నియంత్రణ ప్రాధికార సంస్థ'కి ముఖ్య కార్యనిర్వహణాధికారి. మా అర్జీ మీద అధ్యయనం చెయ్యడానికి గ్రీసు దేశం వెళ్ళి, ఆ రోజే తిరిగొచ్చారట. ఒంటి మీద ఎండ ఇంకా ఎర్రగా ఉంది.

బడి ఆవరణలో సభ పెట్టారు.

"గ్రీసులో సముద్రం మధ్య దీవులుంటాయి," అన్నారాయన. "అక్కడికి పెద్ద పెద్ద ఓడల్లో జనం వస్తారు. రోజుకి ఇంతమందే దిగాలని పరిమితి. దిగిన ప్రతివారూ రుసుము చెల్లించాలి. సదరు అంతర్జాతీయ ప్రమాణాలను మీ లంకకు వర్తింపజేయుటకు ప్రభుత్వం సూత్రప్రాయంగా అంగీకరించింది. మీ లంక ధారణ సామర్థ్యాన్ని శాస్త్రీయంగా పన్నెండు వందల మందిగా నిర్ధారించాం. రేవులో ఎలక్ట్రానిక్ బోర్డు ఉంటుంది. లంకలో ఆ క్షణాన ఎంతమంది ఉన్నారో చూపిస్తుంది. ఒక్కరు మించినా సైరన్ మోగుతుంది. మోగితే లాంచీలు ఆగిపోతాయి."

మేం చప్పట్లు కొట్టాం. నిజం చెప్పొద్దూ, నేనూ కొట్టాను.

మా ఆయన లేచి అడిగాడు. "పన్నెండు వందల్లో మమ్మల్ని కూడా లెక్కెడతారాండి?"

ఆయన జాలిగా చూశారు. "మీరు జనం కాదా?"

మా ఆయన కూర్చున్నాడు.

"మరి మరుగుదొడ్డి సంగతేంటండి?" అన్నాను నేను.

"అది రెండో దశలో ఉందమ్మా."

*

ఇక్కడ మా హేమ సంగతి చెప్పాలి. హేమదుర్గ మా ఒక్కగానొక్క కూతురు. అవతలి ఒడ్డున గట్టుపాలెంలో ఇచ్చాం. తొలిచూలు. మా వైపు తొలి పురుడు పుట్టింట్లోనే పోసుకోవాలి. ఏడో నెలలో తెచ్చుకోవాలి, లేకపోతే తొమ్మిదిలో. ఎనిమిదో నెలలో మాత్రం కదపకూడదు. ఇవేవీ పుస్తకాల్లో లేవు, మా అత్తగారి నోట్లో ఉన్నాయి.

ఏడో నెల రాగానే మంచిరోజు చూసి, చలిమిడి కట్టుకుని వెళ్ళి పిల్లని బయల్దేరదీశాను. అవతలి రేవులో కొత్తగా గేటు పెట్టారు. గేటు దగ్గర ఒక మేనేజరు. నా ఆధార్ కార్డులో ఊరి పేరు చూసి నన్ను లోపలికి పంపాడు. హేమని ఆపేశాడు.

"ఈమెగారి చిరునామా గట్టుపాలెం. పర్యాటకుల వరసలో నిలబడాలండి."

"పర్యాటకులేంటి నాయనా! అది నా కూతురు. పుట్టింటికి పురిటికొస్తంది."

"పెళ్ళయి వెళ్ళిన ఆడవాళ్ళు నిబంధన ప్రకారం పర్యాటకులు. సందర్శన ఉద్దేశం అన్నచోట 'పురుడు' లేదండి. సూర్యాస్తమయం, ఫొటోలు, ఇతరములు... ఇతరముల్లో రాయమంటారా?" అని, హేమ పొట్ట వైపు చూసి కొంచెం ఇబ్బంది పడ్డాడు. "ఇంకో విషయం. గర్భిణుల్ని ఒకటిన్నరగా లెక్కెయ్యమన్నారు. మా మిషను అరని తీసుకోదు. కాబట్టి ఇద్దరి కింద రుసుము కట్టాలి. ఎలాగూ ఇవాళ పరిమితి నిండిపోయింది, రేపు రండి."

మర్నాడూ నిండిపోయింది. ఆ మర్నాడు శుక్రవారం, ఆడపిల్ల గడప దాటకూడదు. శని ఆదివారాలు లాంచీల వాళ్ళు ముందే బుక్ చేసేసుకున్నారు. అలా చూస్తూ చూస్తూ ఉండగా ఎనిమిదో నెల వచ్చి కూర్చుంది.

గేటు అవతల నుంచి హేమ అడిగిన మాట నాకింకా చెవుల్లో ఉంది. "అమ్మా, నేను టూరిస్టునా?" అంది. నవ్వుతూనే అంది గానీ కళ్ళు నిండిపోయాయి.

ఇంటికొచ్చి మా అత్తగారి మీద విరుచుకుపడ్డాను. ఎందుకంటే ఆవిడ నా పెళ్ళి నాటి నుంచీ ఒకటే పాట: ఆడపిల్ల పరాయి ఇంటి సొత్తు, కన్నంతవరకే మనది, ఇచ్చాక మనది కాదు. వెయ్యిసార్లు అనుంటుంది. కానీ ఆవిడెప్పుడూ రసీదు ఇవ్వలేదు. వీళ్ళు అచ్చేసిన రసీదు ఇస్తున్నారు.

ఆవిడ ఆ పూట అన్నం తినలేదు.

*

ఈలోగా ఊరికి ఇంకో తంటా వచ్చింది. మాలో ఎవరైనా అవతలికి సంతకెళితే బోర్డు మీద ఒకటి తగ్గేది. తగ్గిన వెంటనే ఒక పర్యాటకుణ్ణి దింపేసేవారు. సంత నుంచి తిరిగొచ్చేసరికి మన చోట్లో ఎవరో హైదరాబాదాయన నిలబడి సెల్ఫీ తీసుకుంటూ ఉండేవాడు. ఆయన వెళ్ళేదాకా మనం అవతలి ఒడ్డునే కూర్చోవాలి. మా ఆయన అరటిగెలలు అమ్మడానికి వెళ్ళి రెండు రోజులు గెలలు లేని బండి మీద పడుకుని వచ్చాడు.

ప్రాధికార సంస్థ వారు కూడా ఒక విషయం కనిపెట్టారు. పన్నెండు వందల్లో తొమ్మిది వందల చోట్లు మేమే తినేస్తున్నాం, పైగా రుసుము కట్టడం లేదు. మాకు 'నిష్ఫల జనాభా' అని పేరు పెట్టారు. వెంటనే 'ఆత్మీయ నిష్క్రమణ పథకం' వచ్చింది. పొద్దున్నే ఊరు విడిచి అవతలి ఒడ్డుకి వెళ్ళి, పొద్దు గూకాక తిరిగొచ్చే కుటుంబాలకి టీ, బిస్కట్లు ఉచితం. ఊళ్ళో సగంమంది వెళ్ళారు. బిస్కట్లు మంచివేనని చెప్పుకున్నారు.

కానీ దిగిన పర్యాటకులు గొడవ పెట్టారు. పల్లెటూరు చూడ్డానికి వస్తే పల్లెటూళ్ళో ఎవరూ లేరేమిటి, తాళాలు చూడ్డానికా మేం వచ్చింది, డబ్బులు వెనక్కిమ్మన్నారు.

మళ్ళీ బడిలో సభ.

"క్షేత్రస్థాయి ప్రతిస్పందనలను క్రోడీకరించాం," అన్నారు సంజీవ ప్రభాకర్ గారు. "పర్యాటకులకు గ్రామీణులు అవసరం. అయితే గ్రామీణులు జనం లెక్కలోకి వస్తున్నారు. ఈ సంక్లిష్ట సమస్యకు పరిష్కారం నిబంధనల్లోనే ఉంది. విధి నిర్వహణలో ఉన్న సిబ్బంది జనం కారు. కనుక మీ అందరినీ సిబ్బందిగా నియమిస్తున్నాం."

అలా మేమందరం ఒక్క పూటలో ఉద్యోగస్తులమైపోయాం. మనిషికొక నారింజ రంగు కోటు ఇచ్చారు, చేతుల్లేనిది. దాని జేబులో ఒక బిళ్ళ కుట్టారు. కోటు రేవు ఆఫీసులో కొక్కేనికి తగిలిస్తే బోర్డు మీద ఒకటి పెరుగుతుంది, తొడుక్కుంటే ఒకటి తగ్గుతుంది. కోటులో ఉన్నంతసేపూ మనం మనిషి కింద లెక్కకి రాం. నిద్రపోయేటప్పుడు కూడా విప్పకూడదు, పల్లెటూరి నిద్ర కూడా ప్రదర్శనలో భాగమేనట.

నాకు 'పెసరట్టు వేయు మహిళ' అని ఉద్యోగం. నేను చేసేదీ అదే కాబట్టి ఇబ్బంది లేదు. మా ఆయనకి 'చుట్ట కాల్చు వృద్ధుడు' అని ఇచ్చారు. ఆయన జన్మలో చుట్ట ముట్టలేదు, వృద్ధుడు అన్నందుకు కూడా బాగా నొచ్చుకున్నాడు. పది రోజులు శిక్షణ ఇచ్చి దగ్గు పట్టించారు. మా అత్తగారిది 'దీవించు ముదుసలి'. వచ్చినవాళ్ళ నెత్తి మీద చెయ్యి పెట్టి చల్లగా ఉండమనాలి. మొదటిరోజు ఒకామె నెత్తి మీద చెయ్యి పెట్టి, "తల దువ్వుకుని ఏడవచ్చు కదే," అన్నది. ఆ దీవెనకి లోకమంతా గొప్ప పేరొచ్చింది. దానికోసం ప్రత్యేకంగా లాంచీలు వేశారు.

అయితే మా ఊళ్ళో కోట్లు చూసి లాంచీల సంఘం వాళ్ళ బుర్ర పనిచేసింది. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఉంటాడు. సిబ్బంది జనం కానప్పుడు, పర్యాటకులు సిబ్బంది ఎందుకు కాకూడదు? ప్రాధికార సంస్థకి ఆలోచన చెప్పారు. సంస్థ వారు దానికి 'ఏకదిన గౌరవ సేవకుల పథకం' అని నామకరణం చేశారు. లాంచీ ఎక్కగానే ప్రతి పర్యాటకుడికీ అద్దె కోటు. సూర్యాస్తమయాన్ని పర్యవేక్షించడం వాళ్ళ విధి.

ఇక ఆపేదెవరు? లాంచీ వెనక లాంచీ, ఇసుకతిప్ప మీద ఇసుక కనిపించలేదు, అంతా నారింజ రంగే. మా బెండ మళ్ళు పోయాయి, వంగ మళ్ళు పోయాయి, మా గేదెలు ఫొటోలకి తమంతట తామే తల తిప్పడం నేర్చుకున్నాయి. నేను రోజంతా అట్లు పోస్తూ తలెత్తి చూస్తే, రేవులో ఎర్రటి దీపాలతో బోర్డు వెలుగుతూ ఉండేది:

ప్రస్తుతం లంకలో ఉన్న జనం: 0

సంజీవ ప్రభాకర్ గారికి జాతీయ స్థాయిలో ప్రశంస వచ్చింది. ప్రపంచంలో రద్దీ పూర్తిగా నిర్మూలించిన మొదటి దీవి మాదేనట. గ్రీసు వాళ్ళు కూడా సున్నా తేలేకపోయారట.

ఇంకో చిన్న మార్పు కూడా జరిగింది. మార్చి నెలాఖరుకి ఖర్చుపెట్టని నిధులు మురిగిపోయినట్టే, వాడుకోని పరిమితి కూడా మురిగిపోతుందట. వారాల తరబడి సున్నాయే ఉంది కాబట్టి, పన్నెండు వందల పరిమితిని పైవాళ్ళు రద్దుచేసి సున్నాకి కుదించారు. ఎవరూ ఏమీ అనుకోలేదు. ఉన్నది సున్నా అయినప్పుడు ఉండాల్సింది సున్నా అయితే నష్టమేముంది?

*

హేమకి తొమ్మిదో నెల వచ్చింది. ఈసారి గేటు దగ్గర గొడవపడలేదు. దాన్ని వెంటబెట్టుకుని తిన్నగా అవతలి ఒడ్డునున్న సంజీవ ప్రభాకర్ గారి ఆఫీసుకే వెళ్ళాను.

"అయ్యా, మా అమ్మాయిక్కూడా ఉద్యోగం ఇప్పించండి. నా బండి దగ్గరే అల్లప్పచ్చడి నూరుకుంటది."

ఆయన కిటికీలోంచి హేమని చూశారు. చూడకపోతే కుదరదు, కిటికీ నిండా అదే ఉంది.

"నిండు నెలల సిబ్బంది ప్రసూతి సెలవుపై వెళ్ళవలెనని నిబంధన," అన్నారు ఆలోచిస్తూ. "సెలవులో ఉన్నవారు విధి నిర్వహణలో ఉన్నట్టు కాదు. విధి నిర్వహణలో లేనివారు జనం. పరిమితి సున్నా. కాబట్టి ఆమె లంకలో ఉండుటకు వీల్లేదు."

"మరెలాగండి? పిల్ల ఎక్కడ నీళ్ళాడాలి?"

ఆయన చెడ్డవాడని నేను చెప్పను. కాసేపు పెన్ను నమిలి, కుర్చీ గోడవైపు తిప్పుకున్నారు. "గర్భం విషయం సంస్థ దృష్టికి అధికారికంగా రాలేదు. అన్నిటికంటే పెద్ద సైజు కోటు ఇవ్వండి. నొప్పులు మొదలైతే మాత్రం ఆ క్షణమే లాంచీ ఎక్కించాలి. నేనేమీ చెయ్యలేను."

అలా నా కూతురు పుట్టింటికొచ్చింది. బొత్తాలు పట్టని నారింజ కోటులో, నా బండి పక్కన పీట మీద కూర్చుని అల్లం నూరేది. పర్యాటకులు ఫొటోలు తీసుకునేవారు. నాకు రాత్రీ పగలూ ఒకటే గుబులు. నొప్పులు రాకుండా ఉండవు. వస్తే దీన్ని లాంచీలో తోసేస్తారు. నది మధ్యలో, పాటల హోరులో నా బిడ్డకి ఏమన్నా అయితే ఎవరికి చెప్పుకోను?

నొప్పులు సరిగ్గా 'సున్నా మహోత్సవం' నాడు వచ్చాయి.

ఆ రోజు సంజీవ ప్రభాకర్ గారికి సన్మానం. రేవులో బోర్డు కిందే వేదిక కట్టారు. పైనుంచి పెద్దలొచ్చారు, వాళ్ళక్కూడా కోట్లు తొడిగారు. జనం, అదే, సిబ్బంది, కిటకిటలాడుతున్నారు. నడిమధ్యాహ్నం. హేమ పొత్రం వదిలేసి నా కొంగు పట్టుకుంది.

"అమ్మా, నడుం పట్టేసిందే. ఇందాకట్నుంచీ వస్తన్నాయి. భయంగా ఉంది."

గేటు మేనేజరు ఎలా పసిగట్టాడో పరిగెత్తుకొచ్చాడు. "నొప్పులు పడుతున్నవారిని విధుల్లో ఉన్నట్టు పరిగణించలేమండి! లాంచీ ఎక్కించెయ్యండి!" తీరా రేవు చూస్తే, మహోత్సవానికొచ్చిన లాంచీలు ఒకదానికొకటి రాసుకుంటూ అరమైలు బారున నిలిచిపోయి ఉన్నాయి. లోపలివి బయటికి పోవు, బయటివి లోపలికి రావు. ఆసుపత్రి పడవ అవతల వాటి వెనక ఇరుక్కుని కూత వేస్తోంది.

"ఎక్కించు నాయనా, ఏ లాంచీలో ఎక్కిత్తావో ఎక్కించు," అన్నాను. అతను తల గోక్కున్నాడు.

దీవెనలు ఆపేసి మా అత్తగారు లేచింది. "పక్కకి తప్పుకోండెహె! పిల్లని ఇంటికి తీసుకెళ్తన్నాం," అని ఒక్క అరుపు అరిచింది. అంత నారింజ రంగూ రెండుగా చీలి దారిచ్చింది.

ఊళ్ళో నర్సు సుగుణమ్మ ఉండబట్టి బతికిపోయాం. వాకిలి తలుపు మూసి, నీళ్ళు కాచి పెట్టి, నేను నా బిడ్డ తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. బయట మైకులో సంజీవ ప్రభాకర్ గారి ఉపన్యాసం వినిపిస్తూనే ఉంది. "శూన్యం అంటే లేకపోవడం కాదు! శూన్యం అంటే పరిపూర్ణ పరిపాలన!" అంటున్నారు. హేమ కేక, ఆ వెనకే ఇంకో చిన్న కేక. ఆడపిల్ల. బంగారంలా ఉంది. నేను ఏడ్చేశాను. సుగుణమ్మ బొడ్డు కోసి, పిల్లని తూచి, చేతులు కడుక్కుని, తన డ్యూటీ ప్రకారం టాబ్‌లో పుట్టుక నమోదు చేసింది.

ఆ నమోదు తిన్నగా బోర్డుకి వెళుతుందని ఆమెకేం తెలుసు?

ప్రస్తుతం లంకలో ఉన్న జనం: 1

సైరన్ మోగింది. అలాంటి కూత నేను పుట్టి బుద్ధెరిగాక వినలేదు. గేట్లు వాటంతట అవే పడిపోయాయి. ఇరుక్కున్న లాంచీలు బయటి నుంచి ఒక్కొక్కటే వెనక్కి తిరిగాయి. పరిమితి దాటితే దిగినవాళ్ళందరూ వెనక్కి వెళ్ళాలని నిబంధన, లాంచీల్లో ఒకటే తొక్కిసలాట. పెద్దలు దండలు మెడలో ఉండగానే లాంచీలెక్కి వెళ్ళిపోయారు. సంజీవ ప్రభాకర్ గారు వేదిక దిగి బోర్డు వంక చూసి, "ఎవరా ఒక్కరు?" అని కేక పెట్టారట. మేనేజర్లు ఇల్లిల్లూ వెతికారు. పాకల్లో చూశారు, పడవల కింద చూశారు. కనిపించినవాళ్ళందరూ కోట్లు చూపించారు. ఇంత లంకలో జనం ఒక్కరే ఉన్నారు, ఆ ఒక్కరూ దొరకలేదు.

చివరికి పిల్ల ఏడుపు విని మా ఇంటికొచ్చారు.

మా అత్తగారు గుమ్మానికి అడ్డంగా కూర్చుని ఉంది. సంజీవ ప్రభాకర్ గారు పరిస్థితి అర్థం చేసుకుని, అరుగు మీదే కాగితం తీశారు. బుర్ర ఉన్న మనిషే.

"భయపడాల్సింది లేదు. శిశువును 'ఊయలలో ఊగు శిశువు' అనే తాత్కాలిక పదవిలో నియమిస్తున్నాను. కోటు కప్పేస్తే సున్నా అయిపోతుంది. జరగండి, లోపలికి వెళ్ళి కోటు కప్పి వస్తాం."

"పురిటిల్లు బాబూ. పదకొండో రోజుదాకా మగోళ్ళు గడప తొక్కకూడదు."

"సరే, మీరే కప్పండి. పేరు చెప్పండి, ఉత్తర్వులో రాయాలి."

"పేరా? బారసాల కాకుండా పేరెక్కణ్ణించొస్తాది?"

"ఏదో ఒక పేరు చెప్పండమ్మా!"

"ఏదో ఒకటి పెట్టడానికి అదేమన్నా మీ పథకమా? మేనత్త రావాలి. చెవిలో మూడుసార్లు చెప్పాలి. అప్పుడే పేరు."

"మేనత్త ఎక్కడుంది?"

"మస్కట్‌లో."

"పిలిపించండి!"

"పిలుత్తాం. వచ్చాక లంకలోకి రానిత్తారా?"

మేనత్త రావాలంటే బోర్డు సున్నా కావాలి. సున్నా కావాలంటే పిల్ల ఉద్యోగంలో చేరాలి. చేరాలంటే పేరుండాలి. పేరుండాలంటే మేనత్త రావాలి. ఇదంతా ఆయన వేళ్ళ మీద ఒకసారి అటూ ఒకసారి ఇటూ లెక్కపెట్టుకుని, అరుగు మీద కూలబడ్డారు.

"గ్రీసులో ఇలా లేదు," అన్నారు నీరసంగా.

కాసేపటికి తేరుకుని, "ఒక్క శిశువు పేరు తేలేదాకా మిగతా సిబ్బంది యథావిధిగా విధుల్లో ఉండాలి. నేను పైకి రాసి ప్రత్యేక మినహాయింపు తెప్పిస్తాను," అన్నారు.

అప్పుడు మా అత్తగారు లేచి నిలబడింది. ఒంటి మీది కోటు విప్పింది. వారాల తరబడి ఆ కోటు లేకుండా ఆవిణ్ణి చూడలేదు నేను.

"మాకు పురుడొచ్చింది. పురుటి మైల్లో ఉజ్జోగాలు చెయ్యకూడదు."

నేను ఉలిక్కిపడ్డాను. గుమ్మం పక్కన నిలబడ్డ మా ఆయన కూడా దగ్గు ఆపేశాడు. ఎందుకంటే కూతురి బిడ్డకి పది రోజుల పురుడు పట్టాల్సింది తండ్రి వైపు వాళ్ళు. అది గట్టుపాలెం వాళ్ళ పురుడు. ఈ శాస్త్రం మాకు నూరిపోసిందే ఆవిడ.

"అదేంటత్తా! అది వియ్యాలోరి పురుడు కదా?" అన్నాను మెల్లగా.

"నోరు ముయ్యవే!" అంది ఆవిడ. "ఎవరోరి పురుడు? నా ఇంట్లో పుట్టింది. నా మనవరాలికి పుట్టింది. దాన్ని గేటు బయట నిలబెట్టినప్పుడే తెలిసొచ్చింది నాకు, ఇన్నేళ్ళూ నేనేం వాగేనో. ఇది మల్లిపూడోరి పురుడు. ఊళ్ళో మల్లిపూడోళ్ళు ఎవరెవరున్నారో అందరికీ ఉంది."

ఊళ్ళో మల్లిపూడి వాళ్ళు కానివాళ్ళు లేరు.

మాట వీధులు దాటింది. ముందు మా ఆయన వెళ్ళి కోటు రేవు ఆఫీసు కొక్కేనికి తగిలించి వచ్చాడు, చుట్ట గోదాట్లో గిరాటేశాడు. తరవాత మా మరిది వాళ్ళు, వాళ్ళ తోడల్లుళ్ళు, బడి పిల్లలు, ముసలివాళ్ళు. ఒకరి వెనక ఒకరు రేవుకి నడిచారు. కొక్కేలు చాలక కోట్లు కుప్పపోశారు. బోర్డు మీద రెండయింది, పది అయింది, నలభై అయింది. సైరన్ కూసి కూసి గొంతు పోయి, పిల్లి కూనలా ఒకసారి మూలిగి ఆగిపోయింది. గోదారి చప్పుడు మళ్ళీ వినపడింది.

సంజీవ ప్రభాకర్ గారు అరుగు మీద అలాగే ఉన్నారు. పొద్దుటి నుంచీ సన్మానంలో ఇచ్చిన కొబ్బరిబోండాలు తాగి ఉన్నారేమో, కాసేపటికి అటూ ఇటూ కదిలి, ముందుకి వంగి, చిన్న గొంతుతో అడిగారు.

"అమ్మా, ఇక్కడ... మరుగుదొడ్డి ఎక్కడ?"

"రెండో దశలో ఉందండి," అన్నాను.

పాపం, మా ఇంటి వెనక దొడ్డి చూపించాను లెండి. మనిషే కదా.

పొద్దు వాలుతుండగా హేమ విప్పేసిన పెద్ద కోటు తీసుకుని నేనూ రేవుకి వెళ్ళాను. నాది ఒక కొక్కేనికి, దానిది ఇంకో కొక్కేనికి తగిలించి తిరిగొచ్చాను. ఇసుకతిప్ప మీద సూర్యుడు మునుగుతున్నాడు, పర్యవేక్షించేవాళ్ళు ఎవరూ లేరు.

హేమ పిల్లని పక్కలో వేసుకుని పడుకుని ఉంది.

"బోర్డు మీద ఎంతుందమ్మా?"

"తొమ్మిది వందలు దాటిందే."

అది పిల్ల వేళ్ళు ఒక్కొక్కటే విడదీసింది. తరవాత నా వైపు చూడకుండా అడిగింది.

"అందులో నేనున్నానా?"

"ఉన్నావే," అన్నాను. "నా కళ్ళతో చూసొచ్చాను. నీ కోటు తగిలించగానే ఒకటి పెరిగింది."